సగం ఇంటర్వ్యూ

పూర్ణిమకు భయం మంచి వార్తతోనే మొదలైంది.

తార్నాకలో హాస్టల్ పై అంతస్తు గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఊళ్ల నుంచి వచ్చిన రికార్డింగులు విని టైపు చేస్తోంది. “మందులు ఎందుకు ఆపేశావమ్మా?” అన్న ప్రశ్నకు ఒక ముసలామె జవాబు చెప్పబోయి దగ్గుతోంది. ఆ దగ్గు దగ్గర రికార్డింగు ఆపి, అప్పుడే వచ్చిన మెయిల్ తెరిచింది. ఫెలోషిప్పుతో కూడిన పిహెచ్‌డి సీటుకు ఇంటర్వ్యూ పిలుపు. ఎల్లుండి ఉదయం.

అలాంటి సీటు కోసం ఆమె వెతకని వెబ్‌సైటు లేదు. ఏదో దేశపు యూనివర్సిటీ పేజీలో ఆరోగ్యం, సామాజిక విధానం అన్న మాటలు పక్కపక్కన కనబడితే చాలు, ప్రాణం లేచి వచ్చేది. కిందికి వెళ్లేసరికి ఖర్చులు అభ్యర్థే భరించుకోవాలని చిన్న అక్షరాల్లో ఉండేది. కొన్ని ఆ దేశం వాళ్లకే. కొన్నింటికి గడువు ఎప్పుడో దాటిపోయినా ఎవరూ తీసెయ్యక అలాగే వేలాడుతుండేవి. ఫెలోషిప్పు ఇచ్చే జేఆర్‌ఎఫ్ పరీక్ష అంచు దాకా వచ్చి తప్పిపోయింది. చివరికి తాను ప్రాజెక్టు అసిస్టెంటుగా పనిచేస్తున్న పరిశోధనా కేంద్రంలోనే ఒక్క సీటు పడింది. ఆ సీటుకు ఇద్దరినే పిలిచారు.

రెండో మనిషి ఎదుటి మంచం మీద తల ఆరబెట్టుకుంటోంది.

“నీకూ వచ్చిందా?” అంది లిడియా ఫోన్ చూసుకుంటూ. ఆమెది తెనాలి దగ్గర. తండ్రి ఏసురత్నం చర్చి బడిలో మాస్టారు. “ఇద్దరం ఉన్నామే! అబ్బ, ఇద్దరమే ఉన్నాం!”

రెండోసారి అనేటప్పటికి ఆ మాట అర్థం మారిపోయింది.

ఇంటర్వ్యూ అంటే ఎవరైనా భయపడేది జవాబులు రావేమోనని. పూర్ణిమ భయం అది కాదు. ఆ గదిలో, ఆ పెద్దల ఎదుట, మాట మధ్యలో తాను కిందపడి కొట్టుకుంటానేమోనని. ఆమెకు ఫిట్స్ వస్తాయి. మందులు తప్పకుండా వేసుకుంటే రావు. చివరిసారి వచ్చింది ఇదే గదిలో, ఈ రెండు మంచాల మధ్య. తెలివి వచ్చేసరికి తాను పక్కకు తిరిగి పడుకుని ఉంది. తల కింద లిడియా చున్నీ మడత ఉంది. లిడియా బకెట్లో దుప్పటి ఉతుకుతోంది. ఆ రోజు తర్వాత ఇద్దరి మధ్యా ఆ మాట మళ్లీ రాలేదు. ఈ ఊళ్లో ఆ సంగతి తెలిసిన మనిషి లిడియా ఒక్కతే.

నిద్ర చెడితే మళ్లీ రావచ్చని డాక్టరు చెప్పాడు. నిద్ర చెడిపోతుందేమోనన్న భయంతోనే పూర్ణిమకు నిద్ర చెడిపోయేది.

సాయంత్రం అమ్మ సారలమ్మ ఫోన్ చేసింది. విషయం విని సంతోషపడింది. ఆ వెంటనే గొంతు తగ్గించింది. “ఆ ముచ్చట మాత్రం ఎవ్వరికి తెల్వనియ్యకు బిడ్డా. తెలిస్తే నీ సదువు కనవడదు వాళ్లకు, గదే కనవడతది.”

“తెల్వదమ్మా. ఎవ్వరికి తెల్వదు,” అంది పూర్ణిమ, లిడియా వీపు వైపు చూస్తూ.

*

మర్నాడు ప్రాజెక్టు నడిపే స్నేహలత మేడమ్ తన గదిలో కూర్చోబెట్టుకుని ప్రశ్నలు అడిగింది. కిటికీలో కూలరు బరబరా శబ్దం చేస్తోంది. టేబుల్ మీది కాగితాలు ఎగరకుండా ఆమె ఒక్కొక్క కట్ట మీదా ఒక్కొక్క పుస్తకం పెట్టింది.

“మొదట ఇదే అడుగుతారు. ఊళ్లలో మందులు మధ్యలో మానేసేవాళ్ల మీద పని చేస్తానన్నావు. షుగరుంది, బీపీ ఉంది, టీబీ ఉంది. మూర్ఛే ఎందుకు?”

“వాటి మీద చాలామంది చేసిన్రు మేడమ్. దీని మీద తక్కువ.”

“తక్కువున్నవి ఇంకా బోలెడున్నాయి పూర్ణిమా. నీకు ఇదే ఎందుకు కావాలి?”

పూర్ణిమ టేబుల్ అంచున ఊడిన సన్‌మైకా ముక్కను గోటితో నొక్కింది. “మా ఊర్ల ఒకామె ఉండె మేడమ్. ఆమెను చూసి...”

“ఆ, అది చెప్పు. ఆమె సంగతేంటి? ఇప్పుడెలా ఉంది?”

“ఇప్పుడు ఊర్ల లేదు మేడమ్.”

స్నేహలత కళ్లద్దాలు తీసి ఆమె వైపు చూసింది. అడగబోయిన మాటేదో అడగలేదు. “ఈ జవాబు సగమే ఉంది. మిగతా సగం రేపటికి వెతుక్కో,” అంది.

బయటికి వచ్చిన పూర్ణిమ వరండా మలుపులో ఆగిపోయింది. డైరెక్టర్ అచ్యుతరామయ్య గారి గది తలుపు తీసుకుని లిడియా వస్తోంది. ఆ గదికి ప్రాజెక్టు అసిస్టెంట్లు పిలవనిదే పోరు. రేపు ఇంటర్వ్యూకు పెద్ద ఆయనే.

“ఏంది, సార్ దగ్గరికి పోయినవ్?”

లిడియా ఉలిక్కిపడింది. “ఏం లేదే. ఊరికే. సంతకం ఒకటి.”

ఆమె చేతిలో కాగితం లేదు. పూర్ణిమ నీళ్ల కూలరు దగ్గరకు వెళ్లి, గ్లాసు నిండినా కుళాయి కట్టెయ్యలేదు. చెప్పేసింది. ఒక్క సీటు. లిడియా చెప్పకుండా ఎందుకుంటుంది? తానైతే చెప్పకుండా ఉండేదా? ఆ ప్రశ్నకు ఖచ్చితమైన జవాబు దొరకక మరింత భయపడింది.

మధ్యాహ్నం ఎవరి తర్వాత ఎవరో నోటీసు బోర్డు మీద పెట్టారు. ఇంగ్లీషు అక్షరాల వరసైతే ముందు లిడియాను పిలవాలి. కాగితం మీద మొదటి పేరు పూర్ణిమ. తనను ముందు పిలిచి, లేదని పంపించేసి, తర్వాత నింపాదిగా లిడియాతో మాట్లాడతారు. ఇంకే కారణమూ ఆమెకు తోచలేదు.

హాస్టల్‌కు వచ్చాక ఉమ్మడి అలమరలోంచి తన మందు గోలీలు తీసి సూట్‌కేసులో పెట్టి తాళం వేసింది. తాళం పడిన చప్పుడుకు లిడియా తలెత్తి చూసింది. మళ్లీ పుస్తకంలోకి వంగింది.

*

తెల్లవారాక పూర్ణిమకు తాను నిద్రపోయిందో లేదో తెలియలేదు. కళ్లు మండుతున్నాయి. ఎడమచేతి వేళ్లను ముడిచి, చాచి, వణుకుతున్నాయేమోనని చూసుకుంది. వేళ్లు వణుకుతున్నాయి. భయంతో వణుకుతున్నాయా, ఇంకోటా?

లిడియా కింద బండి దగ్గర్నుంచి ఇడ్లీ పొట్లం తెచ్చింది. “తినవే. ఖాళీ కడుపుతో వెళ్లకు.”

ఆ మాట కూడా పూర్ణిమను భయపెట్టింది. “నువ్వు పో. నేను నడిచి వస్త,” అంది. లిడియా పొట్లం మంచం మీద పెట్టి వెళ్లిపోయింది. పూర్ణిమ రెండు ఇడ్లీలు నీళ్లతో మింగి, కాలేజీ పిల్లలతో నిండిన రోడ్డు దాటి, క్యాంపస్ గేటులోంచి వేపచెట్ల నీడ పట్టుకుని నడిచింది. నీడ తప్పినచోట పరుగులాంటి నడక. ఎండ తగిలితే కూడా వస్తుందేమో.

ఇంటర్వ్యూ గదిలో నలుగురున్నారు. అచ్యుతరామయ్య గారు, స్నేహలత, బయటి నుంచి వచ్చిన నిపుణులు ఇద్దరు, ఒక ఆయన, ఒకావిడ. కిటికీ తెరిచి ఉంది. మూర్ఛే ఎందుకన్న మొదటి ప్రశ్నకు ఆ సగం జవాబే చెప్పి గట్టెక్కింది. తర్వాతి జవాబులు బాగానే వచ్చాయి. ఎన్ని ఊళ్లు, ఏ పద్ధతి, ఎవరితో మాట్లాడతావు? నోరు తనపాటికి తాను చెబుతోంది. ఆమె మాత్రం పక్కన నిలబడి ఆ నోటిని కాపలా కాస్తోంది.

అచ్యుతరామయ్య గారు కాగితాలు పక్కకు జరిపాడు. మెత్తగా మాట్లాడే మనిషి. “చూడమ్మా, ఊళ్లలో ఒక్కదానివే తిరగాలి. బస్సులుండవు. వేళకు తిండి ఉండదు. ఆరోగ్యం అదీ బాగానే ఉంటుంది కదా?”

తెలుసు ఆయనకు! తెలిసే అడుగుతున్నాడు.

జవాబు కోసం నోరు తెరిచింది. అప్పుడు వాసన వచ్చింది. రబ్బరు కాలుతున్న వాసన.

ఆమెకు ఫిట్స్ వచ్చే ముందు ఇదే వాసన వస్తుంది. ఎక్కడా ఏమీ కాలకుండానే ముక్కులో కాలుతుంది. ఆ తర్వాత కొద్దిపాటి వ్యవధి. ఆ తర్వాత ఏముంటుందో ఆమెకు ఎన్నడూ తెలియదు, చూసినవాళ్లకే తెలుసు. బల్ల అంచు, దాని ఇనుప మూల, కింద గచ్చు కళ్లముందు పెద్దవయ్యాయి. లేచి వెళ్లిపోతే? తలుపు దాకా పోలేకపోతే? మెట్ల మీద పడితే?

పూర్ణిమ కుర్చీలోంచి దిగి నేల మీద కూర్చుంది.

“సార్, నాకు ఫిట్స్ వస్తది,” అంది. నేర్చుకుని వచ్చిన ఇంగ్లీషూ, పుస్తకాల తెలుగూ ఎటు పోయాయో, ఇంటి మాటలే వచ్చాయి. “ఇప్పుడు వస్తదేమో. మీరు భయపడకుండ్రి. నోట్లె ఏం పెట్టకుండ్రి. చేతులు వట్టుకోకుండ్రి. పక్కకు తిప్పి పండవెట్టుండ్రి, సాలు.”

కుర్చీలు ఒక్కసారిగా కిర్రుమన్నాయి. స్నేహలత బల్ల చుట్టూ తిరిగి వచ్చి పక్కన కూర్చుంది. అచ్యుతరామయ్య గారు ఎంత వేగంగా వచ్చాడో, మోకాళ్ల మీద వంగి, జేబులోంచి కారు తాళాల గుత్తి తీసి ఆమె అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. “గట్టిగా పట్టుకో అమ్మా, గట్టిగా పట్టుకో!”

“సార్, తాళాలొద్దు,” అంది పూర్ణిమ.

ఆయన గుత్తి వెనక్కి తీసుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ప్రజారోగ్యం చెబుతున్న మనిషి, ఆ గుత్తినీ తన చేతినీ మార్చి మార్చి చూసుకున్నాడు.

ఆమె కళ్లు మూసుకుంది. అందరూ ఎదురుచూస్తున్నారు. ఆమె కూడా ఎదురుచూస్తోంది. వాసన అలాగే ఉంది. ఏమీ రావడం లేదు.

“ఏంటీ కంపు?” అంది బయటి నుంచి వచ్చిన ఆవిడ. కిటికీ దగ్గరికి వెళ్లి చూసింది. “ఎవరో చెత్తకు నిప్పు పెట్టారు. టైరు కూడా వేసినట్టున్నారు.” కిటికీ రెక్కలు మూసేసింది.

కొంతసేపటికి గదిలో వాసన పలచబడింది. పూర్ణిమ కళ్లు తెరిచింది. పడలేదు. పడకుండానే చెప్పేసింది. చదువు మొదలైనప్పటి నుంచి దాచుకుంటూ వచ్చిన మాటను, కాలే టైరు వాసనకు, అడగనివాళ్ల ముందు పారబోసుకుంది. నలుగురి ముఖాల్లోనూ ఒకటే చూపు. అమ్మ చెప్పిన చూపు. ఆ చూపు ఇంత దయగా ఉంటుందని మాత్రం ఆమె అనుకోలేదు.

ఆమెకు నీళ్లిచ్చారు. ఫ్యాను పెంచారు. “చాలమ్మా, నువ్వు చెప్పింది చాలు,” అన్నాడు అచ్యుతరామయ్య గారు. ఆయన గొంతు నిజంగానే వణుకుతోంది. “ఇంకేం అడగం. వెళ్లి రెస్ట్ తీసుకో. మా డ్రైవరు దింపుతాడు. నీ మంచికే చెబుతున్నా తల్లీ.”

స్నేహలత ఏదో అనబోయింది. ఆయన ఆమె వైపు చెయ్యి అడ్డంగా ఊపాడు. తర్వాత ఎప్పుడైనా, అన్నట్టు.

*

వరండాలో లిడియా లేచి నిలబడింది. “ఏమైందే? కుర్చీల చప్పుడైంది.”

“నీకు తెల్వదా? సార్‌కు చెప్పినవ్ గదా.”

“ఏం చెప్పాను?”

“నా సంగతి. నిన్న లోపలికి పోయి చెప్పినవ్ గదా.”

లిడియా ముఖం ముందు ఎర్రబడింది. తర్వాత పాలిపోయింది. “నిన్ను ముందు పిలవమని అడగడానికెళ్లానే. కూర్చోబెడితే పూర్ణిమకి తలనొప్పొస్తుంది సార్, అన్నా. అంతే అన్నా. మెయిల్ వచ్చిన రాత్రి నుంచీ నువ్వు నిద్రపోవట్లేదు, నాకు తెలీదా? మధ్యాహ్నం దాకా ఇక్కడ ఎండలో కూర్చుంటే నీకేమవుతుందోనని...” చేతిలో కాగితాలను ఛాతీకి అదుముకుంది. “నీకు చెబితే ఒప్పుకోవని చెప్పలేదు.”

లోపలి నుంచి అటెండరు లిడియా పేరు పిలిచాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది.

పూర్ణిమ డ్రైవరును వద్దని పంపేసి మెట్ల మీద కూర్చుంది. ప్రహరీ పక్కన ఎండుటాకుల కుప్ప ఇంకా పొగ చిమ్ముతోంది. సగం కాలిన సైకిల్ టైరు నల్లగా కరిగి మెలిపడింది. ఆ పొగ చూస్తుంటే సిగ్గుతో చితికిపోయింది. లిడియాను అనుమానించినందుకు కొంత సిగ్గు, నేల మీద కూలబడినందుకు కొంత. అమ్మకు ఏం చెప్పాలి? ఇంటికి పోయి రెస్ట్ తీసుకుంటే సరిపోతుంది. ఎవరూ ఏమీ అనలేదు. పాపం, మంచిగానే పంపారు.

ఆ మాట దగ్గర ఆమె ఆగింది. మంచిగానే పంపారు. ఈ మాట తాను ఎన్నిసార్లు టైపు చేసిందో! బడిలో పడ్డ పిల్ల చెప్పింది, సారు మంచిగనే చెప్పిండు, ఇంటికాడ ఉండుమన్నడు అని. బీడీలు చుట్టేకాడ పడ్డ ఆమె కూడా అదే చెప్పింది. హోటల్లో గిన్నెలు కడిగే ఆయన చెప్పాడు, ఓనరు సాబ్ మంచోడు, చాయ్ తాపి పంపిండు అని. తిట్టి వెళ్లగొట్టినవాళ్ల సంగతి వాళ్లెవరూ గుర్తుపెట్టుకోలేదు. మంచిగా పంపినవాళ్ల దగ్గరికి మాత్రం ఎవరూ తిరిగి వెళ్లలేకపోయారు. అట్లా పంపినవాళ్లతో తగాదా పడడం ఎవరికి చేతనవుతుంది?

పూర్ణిమ లేచింది. పడిపోతానన్న భయం తనకు పాతదే, అలవాటైనదే. తిరిగి వెళ్లి ఆ తలుపు తట్టడమన్నది కొత్త భయం, దానికంటే పెద్దది. రెండుసార్లు వరండా చివరి దాకా పోయి వెనక్కి వచ్చింది. లిడియా బయటికి రాగానే, ఆమెతో మాట్లాడితే ధైర్యం చెదిరిపోతుందేమోనని, ముఖం చూడకుండానే తలుపు తట్టింది.

లోపల కాగితాలు సర్దుకుంటున్నారు.

“ఏమ్మా, మళ్లీ ఏమైనా...” అచ్యుతరామయ్య గారు సగం లేచాడు.

“ఏం కాలేదు సార్. నా ఇంటర్వ్యూ సగమే అయింది. మిగతాది అడుగుండ్రి.”

“అమ్మా, నీ పరిస్థితి చూసి మేమే...”

“మంచిగనే పంపిన్రు సార్. నేను రికార్డింగులల్ల వినేటోళ్లను గూడ అందరు ఇట్లనే పంపిన్రు. బడిలకెళ్లి, పనిలకెళ్లి. నీ మంచికే అని. అందుకే వాళ్లు ఇంకోచోట చెప్తలేరు. గోలీలు వేసుకుంటే ఎవరన్న చూస్తరని గోలీలు బంద్ జేస్తున్నరు.” ఊపిరి అందక ఆగింది. “మూర్ఛ మీదనే ఎందుకు అని మొదలు అడిగిన్రు గదా. ఇందుకే.”

బయటి నుంచి వచ్చిన ఆవిడ తన కుర్చీ ముందుకు లాక్కుంది.

“ఊళ్లో నీకే ఫిట్స్ వస్తే ఏం చేస్తావు?” అని అడిగింది. ఆ గొంతులో జాలి లేదు. పరీక్షలో అడిగే ప్రశ్నలాగే ఉంది.

“ముందే ఆశా వర్కరుకు చెప్పి పెడత మేడమ్. ఏం చెయ్యాల్నో, ఏం చెయ్యద్దో. ఇన్నేండ్లు చెప్పలే గాబట్టే అది నాకు ప్రమాదం.”

“కూర్చో,” అంది ఆవిడ. “శాంపిల్ గురించి అడుగుతాను.”

పూర్ణిమ కుర్చీలో కూర్చుంది. శాంపిల్ గురించి చెప్పిన జవాబులో ఒక తప్పు ఉందని చెబుతుండగానే ఆమెకు తెలిసింది. దిద్దుకుని మళ్లీ చెప్పింది.

*

సీటు లిడియాకు వచ్చింది.

మర్నాడు స్నేహలత పిలిచి ఆ మాట సూటిగానే చెప్పింది. “తేడా చాలా తక్కువ. నీ మొదటి సగానికి మార్కులెలా వేయాలో తెలియక కొందరు వేయనే లేదు. అది తప్పని నేను రాశాను. ఫలితం మారలేదు.” కళ్లద్దాలు తుడుచుకుంటూ అంది. “నిన్న వచ్చిన ఆవిడ పనిచేసే సంస్థలో కూడా ఫెలోషిప్పు సీట్లు పడబోతున్నాయి. నిన్ను అప్లై చెయ్యమంది. సీటు ఇస్తానని కాదు, చెయ్యమంది. అక్కడా మొదటి ప్రశ్న ఇదే ఉంటుంది. ఏం చెబుతావు?”

“నాకు ఉన్నది మేడమ్, అందుకే, అని చెప్త.” భయం పోలేదు. అది ఇప్పట్లో పోదేమో కూడా.

గదిలో లిడియా బట్టలు మడత పెట్టినవే మళ్లీ మడత పెడుతోంది. “వద్దని రాసెయ్యనా?” అంది తల ఎత్తకుండా.

“పిచ్చా నీకు? మంచిగ చేసినవ్, వచ్చింది.” పూర్ణిమ ఆమె పక్కన కూర్చుంది. “నేను నిన్ను అనుమానపడ్డ.”

“తాళం చప్పుడు విన్నాలే,” అంది లిడియా. ఇంకో మడత వేసి, “ఏడుపొచ్చిందే ఆ రాత్రి,” అంది. పూర్ణిమ ఒక లంగా తీసుకుని మడత పెట్టసాగింది.

సాయంత్రం తార్నాక బస్టాపులో నిలబడి ఉండగా సారలమ్మ ఫోన్ చేసింది. మౌలాలి బస్సూ రామంతాపూర్ బస్సూ పోటీపడి హారన్లు కొడుతున్నాయి. ఆఫీసులు వదిలిన జనం భుజాలు రాసుకుంటూ నిలబడి ఉన్నారు.

“సీటు నాకు రాలేదమ్మా. నేను చెప్పేసిన.”

“ఏం చెప్పేసినవ్?”

“అదే. నాకు వస్తదని.”

“పడ్డవా బిడ్డా?”

“పడలే.”

“పడకముందే చెప్పినవా?”

“ఆ.”

సారలమ్మ తిడుతుందని, ఏడుస్తుందని పూర్ణిమ ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకుంది. ఊళ్లో ఎవరో మేకలను అదిలిస్తున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

“మన ఎనకింటి ఉప్పలమ్మ బిడ్డ లేదా,” అంది చివరికి సారలమ్మ. “దానికి గూడ వస్తదే. మొన్న చేన్ల పడ్డదట. దయ్యమని తాయెత్తు కట్టిచ్చిన్రు. నాకు తెలుసని వాళ్లకు తెల్వదు. మనకు ఉన్నదని వాళ్లకు తెల్వదు.” మళ్లీ ఆగింది. “పోయి చెప్పనా? చూపిచ్చుకోండ్రి, మా బిడ్డ గోలీలతోనే గింత చదివిందని?”

పూర్ణిమకు కళ్లలో నీళ్లు తిరిగాయి. “చెప్పమ్మా. పోయి చెప్పు. తాయెత్తుతోని తగ్గదు. పెద్ద దవాఖానకు తోలుకపొమ్మను.”

“గాడ ఏ డాక్టరు దగ్గరికి పొమ్మందు?”

“ఫిట్స్ డాక్టరు.”

“ఏందీ? బస్సుల సప్పుడే వినవడుతున్నది, ఏం డాక్టరు?”

పూర్ణిమ చుట్టూ చూసింది. పక్కన కోచింగు పిల్లలు, ముందర టిఫిను డబ్బా పట్టుకున్న పెద్దాయన, వెనక చంటిపిల్లతో ఒకామె.

“ఫిట్స్ డాక్టరమ్మా!” అని అరిచింది. “ఫిట్స్! నేను చూపిచ్చుకునే డాక్టరు!”

నలుగురైదుగురు తిరిగి చూశారు. అంతలో బస్సు వచ్చింది. వాళ్లంతా ఆమెను వదిలేసి తలుపు వైపు తోసుకున్నారు.

“ఆ, ఇప్పుడు వినవడ్డది,” అంది సారలమ్మ.